గంటల తరబడి చదివేటప్పుడు మెడనొప్పి, నడుమునొప్పి రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న
రాసినవారు: చదువరి

అందరికీ నమస్కారం. నేను ఐదు నెలలుగా ఒక పోటీ పరీక్షకు సిద్ధమవుతూ రోజుకు తొమ్మిది, పది గంటలు చదువుతున్నాను. మొదటి రెండు నెలలు ఏ ఇబ్బందీ తెలియలేదు. ఆ తరువాత, సాయంత్రమయ్యేసరికి మెడ వెనుక భాగమూ కుడి భుజమూ ఎవరో బరువు మోపినట్టు పట్టేయడం మొదలైంది. ఇప్పుడు నడుము కూడా తోడైంది. రెండు గంటలు కదలకుండా కూర్చుని లేచినప్పుడు వెంటనే నిటారుగా నిలబడలేకపోతున్నాను. టేబుల్ అంచు పట్టుకుని లేచి, పది అడుగులు వంగి నడిచాక గాని నడుము సర్దుకోవడం లేదు. రాత్రి నిద్రపోయి లేచేసరికి నొప్పి చాలావరకు తగ్గుతోంది. చేతుల్లోకి గాని కాళ్లలోకి గాని నొప్పి పాకడం, తిమ్మిర్లు ఎక్కడం వంటివి లేవు.

నా చదువు మూడు రకాలుగా సాగుతుంది. ఉదయం టేబుల్ మీద పుస్తకం పరచుకుని చదువుతూ, పక్కనే నోట్సు రాసుకుంటాను. మధ్యాహ్నం అదే టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పాఠాల వీడియోలు చూస్తాను. రాత్రి భోజనం తరువాత మంచం మీద గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు చేస్తాను. నేను వాడేది చేతులు లేని మామూలు చెక్క కుర్చీ.

వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పది నిమిషాలు గడిచేసరికి పాఠంలో పడి మళ్లీ ముందుకు వాలిపోతున్నాను. అసలు సరైన భంగిమ ఏది? కొత్త కుర్చీ కొంటే ఈ నొప్పి పోతుందా? నడుముకు బెల్టు పెట్టుకుని చదవడం మంచిదేనా? మధ్యలో లేస్తే ఏకాగ్రత చెదురుతుందన్న భయంతో మూడేసి గంటలు ఏకబిగిన చదవడం నాకు అలవాటు. దాన్ని మార్చుకోక తప్పదా? పరీక్షకు ఇంకా మూడు నెలల సమయం ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం
రాసినవారు: ఫిజియోథెరపిస్టు

చదువరి గారూ, మీరు లక్షణాలను వివరంగా రాశారు కాబట్టి సమాధానం చెప్పడం సులువైంది. నిద్రతో తగ్గిపోయే నొప్పి, చేతుల్లోకీ కాళ్లలోకీ పాకని నొప్పి, సాయంత్రానికి పెరిగే నొప్పి అంటే చాలావరకు అది కండరాలు, స్నాయువులు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీల వంటివి) అలసిపోయినందువల్ల వచ్చేదే. అయినా ఇక్కడ రాసిన నాలుగు మాటలు చూసి నిర్ధారణ చేయడం సరికాదు. కింద చెప్పినవి పాటించినా మూడు, నాలుగు వారాల్లో తేడా కనిపించకపోతే డాక్టరుకు చూపించుకోండి.

మీ ప్రశ్నల్లో ‘సరైన భంగిమ’ అన్న మాట దగ్గరే చాలామంది చిక్కుకుపోతారు. ఎంత చక్కగా కూర్చున్నా, ఒకే తీరున రెండు గంటలు కూర్చుంటే నొప్పి వస్తుంది. కారణం ఏమిటంటే, మనం కదలకుండా ఉన్నప్పుడు కూడా తలను, నడుమును నిలబెట్టే కండరాలు కొద్దిపాటి బిగువుతో నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. కదలిక ఉన్న కండరం బిగుసుకుంటూ, సడలుతూ ఉంటుంది కనుక రక్తం బాగా అందుతుంది. కదలికే లేని కండరానికి ఆ సడలింపు దొరకదు. ఇక వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల సంగతి చూస్తే, పెద్దవారిలో వాటి లోపలి భాగానికి నేరుగా రక్తనాళాలు ఉండవు. వాటికి పోషకాలు చుట్టుపక్కల నుంచి నెమ్మదిగా ఇంకుతూ చేరవలసిందే, ఆ రాకపోకలకు శరీరం కదలడం తోడ్పడుతుంది. అందుకే నా దగ్గరకు వచ్చే విద్యార్థులకు ‘ఎలా కూర్చున్నారు’ అన్నదానికంటే ముందు ‘ఎంతసేపు అలాగే ఉన్నారు’ అన్నది అడుగుతాను.

దీని అర్థం ఎలా కూర్చున్నా ఒకటేనని కాదు. వయోజనుల తల బరువు సుమారు 4.5 నుంచి 5.5 కిలోలు ఉంటుంది. తల భుజాలకు సూటిగా పైన నిలిచినంతసేపు ఆ బరువును మెడలోని ఏడు వెన్నుపూసలే తేలిగ్గా మోస్తాయి. తల ముందుకు వంగిన కొద్దీ దాన్ని వెనక్కి లాగి పట్టుకునే పని మెడ వెనుక కండరాల మీద పడుతుంది. 2014లో ప్రచురితమైన ఒక గణన ప్రకారం 15 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం దాదాపు 12 కిలోలు, 30 డిగ్రీలకు 18, 60 డిగ్రీలకు 27 కిలోలు. ఇవి నమూనా కట్టి లెక్కవేసిన అంకెలే తప్ప, మనుషుల మెడలో సాధనం పెట్టి కొలిచినవి కావు. కాబట్టి భయపడనక్కరలేదు గాని, భారం ఏ దిశగా పెరుగుతుందో అవి స్పష్టంగా చెబుతున్నాయి. టేబుల్ మీద చదునుగా పరచిన పుస్తకాన్ని చదివేటప్పుడు మీ తల ఎంత వంగుతోందో ఎవరినైనా పక్కనుంచి ఒక ఫోటో తీయమనండి, మీకే తెలుస్తుంది.

నడుము విషయంలో నిజంగా కొలిచిన అంకెలు ఉన్నాయి. 1999లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఒక వాలంటీరు నడుము డిస్కులో పీడనాన్ని కొలిచే సాధనం అమర్చి చూశారు. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ (పీడనానికి కొలమానం), వీపు ఆనించకుండా మామూలుగా కూర్చున్నప్పుడు 0.46, కూర్చుని పూర్తిగా ముందుకు వంగినప్పుడు 0.83, కుర్చీలో వెనక్కి జారగిలబడినప్పుడు 0.27 వచ్చింది. కొలిచింది ఒక్క మనిషిలోనే అయినా, కూర్చోవడమే తప్పనీ వెనక్కి వాలడం బద్ధకమనీ అనుకునేవారు ఈ అంకెలను గమనించాలి. వీడియో పాఠం వినేటప్పుడు హాయిగా వెనక్కి వాలండి, అందులో దోషమేమీ లేదు. నిజమైన ఇబ్బంది ముందుకు వంగిపోయి అలాగే ఉండిపోవడంలో ఉంది.

మీరు లేవగానే నిటారుగా నిలబడలేకపోవడానికి కారణం కూడా అదే. చాలాసేపు వంగి ఉంటే నడుము వెనుక ఉన్న స్నాయువులు కొద్దికొద్దిగా సాగుతాయి, అవి వెంటనే మునుపటి స్థితికి రావు. పూర్తిగా వంగి 20 నిమిషాలు కూర్చున్నవారిని పరీక్షించినప్పుడు, లేచిన రెండు నిమిషాలకు కోల్పోయిన బిగువులో సగమే తిరిగి వచ్చిందనీ, అరగంట తరువాత కూడా కొంత వదులు మిగిలే ఉందనీ తేలింది. అందువల్ల మూడు గంటలు చదివి లేచీలేవగానే పుస్తకాల సంచీని వంగి ఒక్క ఉదుటున ఎత్తకండి. ముందు నిలబడి, నాలుగు అడుగులు వేసి, అప్పుడు ఎత్తండి. నేను చూసిన కేసుల్లో నడుము పట్టేసిన క్షణం ఏదని అడిగితే, చదువుతున్నప్పటి క్షణం కంటే లేచిన వెంటనే దేనికోసమో వంగిన క్షణాన్ని చెప్పినవారే ఎక్కువ.

బెల్టు గురించి సూటిగా చెబుతాను: వద్దు. నడుమునొప్పిని ముందుగానే నివారించే మార్గాల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వెలువడింది. వ్యాయామం, ముఖ్యంగా అవగాహన కల్పించడంతో పాటు చేయించిన వ్యాయామం, నొప్పి వచ్చే అవకాశాన్ని తగ్గించినట్టు అందులో కనిపించింది. బెల్టులు, చెప్పుల్లో వేసుకునే మెత్తలు నివారణకు పనికొచ్చినట్టు కనిపించలేదు. కుర్చీ మార్చడం కూడా ఇప్పుడే అవసరం లేదు. ఒక తువ్వాలును బెత్తెడు మందాన చుట్టి, నడుము లోపలికి వంగే చోట, అంటే సుమారు ప్యాంటు బెల్టు పెట్టుకునే చోటికి కొంచెం పైన పెట్టుకోండి. పిరుదులు కుర్చీ వెనుక అంచుకు తగిలేలా కూర్చున్నప్పుడే అది పనిచేస్తుంది. కుర్చీ కొసన కూర్చుంటే ఎంత ఖరీదైన కుర్చీ అయినా ఒకటే.

రెండో సమాధానం
రాసినవారు: పరిశోధక విద్యార్థిని

పై సమాధానం చదివాక టేబుల్ మీది వస్తువుల అమరిక గురించి కొంత చెప్పాలనిపించింది, ఎందుకంటే నాలుగేళ్లుగా నా చదువంతా టేబుల్ దగ్గరే సాగుతోంది.

నాకు మెడనొప్పి వచ్చినప్పుడు అందరూ నిటారుగా కూర్చోమనే చెప్పారు. ఎంత ప్రయత్నించినా కుదరలేదు. ఒకరోజు కొత్త అధ్యాయం మొదలుపెట్టేటప్పుడు పుస్తకం అంచు నుంచి నా ముక్కు దాకా ఉన్న దూరాన్ని స్కేలుతో కొలిచి, పేజీ మీద పెన్సిలుతో రాసుకున్నాను. మొదటి పేజీలో 45 సెంటీమీటర్లు. ఆరో పేజీ దగ్గర గుర్తొచ్చి మళ్లీ కొలిస్తే 22. అంటే జానెడు దూరం. నా మెడ తనంతట తాను వంగలేదు. కళ్లు లాగితే వంగింది. కళ్ల పరీక్ష చేయించుకుంటే పాత అద్దాలు నాకు సరిపోవడం లేదని తేలింది. అద్దాలు మార్చాక నేను ఏ సంకల్పమూ చేసుకోకుండానే తల వెనక్కి వచ్చింది. అందుకే చదువరి గారిని నేను మొదట అడిగేది ఇదే: మీరు కళ్లు చూపించుకుని ఎంత కాలమైంది? దీపం సంగతి కూడా చూసుకోండి. వెలుతురు వెనుక నుంచి పడితే మన తల నీడే పేజీ మీద పరుచుకుంటుంది, ఆ నీడ తప్పించడానికి మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు. కుడిచేత్తో రాసేవారికి ఎడమవైపు ముందు నుంచి వెలుతురు రావాలి.

పుస్తకాన్ని చదునుగా పెట్టకండి. వ్యాసపీఠం వంటి ఏటవాలు ఆధారం ఉంటే మంచిది; లేకపోతే గట్టి అట్ట ఉన్న లావుపాటి ఫైలును రెండు పుస్తకాల మీద ఒరిగించి, కింద జారకుండా ఒక స్కేలు అడ్డం పెట్టినా చాలు. పేజీ మీ వైపు లేచి ఉంటే తల వంగవలసిన అవసరం బాగా తగ్గుతుంది. నోట్సును పుస్తకానికి పక్కన కాకుండా కింద, మీకు ఎదురుగా పెట్టుకోండి. పుస్తకం ఎడమన, నోట్సు కుడివైపున ఉంటే మెడ రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది, రాసే భుజం పైకి లేచి బిగుసుకుంటుంది. మీ కుడి భుజం నొప్పికి ఇదే కారణమేమోనని నాకు అనుమానం.

ల్యాప్‌టాప్‌తో వచ్చే చిక్కు వేరు. తెరా కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి, చేతులకు సరిపోయే ఎత్తున పెడితే మెడ వంగుతుంది, కళ్లకు సరిపోయే ఎత్తున పెడితే భుజాలు లేస్తాయి. వీడియో చూసేటప్పుడు టైపు చేసే పని ఉండదు కాబట్టి, తెర పై అంచు మీ కళ్లకు సమానంగా వచ్చేదాకా కింద పుస్తకాలు పేర్చండి; తెర చేయి చాపినంత దూరంలో ఉండాలి. టైపు చేయవలసి వస్తే విడిగా ఒక కీబోర్డు, ఒక మౌస్ తగిలించుకోవడమే పరిష్కారం. మోచేతులు టేబుల్ ఎత్తుకు దాదాపు సమానంగా ఉండాలి. అందుకోసం కుర్చీ మీద దిండు వేసుకుని ఎత్తు పెంచితే పాదాలు గాలిలో వేలాడతాయి, అప్పుడు కాళ్ల కింద ఒక పీట గాని గట్టి పెట్టె గాని పెట్టుకోండి.

మంచం మీద చదువు మాత్రం మానేయడమే మేలు. కాళ్లు చాపుకుని కూర్చుంటే తొడ వెనుక కండరాలు లాగి నడుమును గుండ్రంగా వంచేస్తాయి, తెర ఒడిలో ఉంటుంది కాబట్టి తల పూర్తిగా కిందకు వాలుతుంది. మీ రోజులో మెడకూ నడుముకూ కలిపి ఎక్కువ శిక్ష పడేది అక్కడేనని నా నమ్మకం.

చదువరి (తిరిగి అడిగినది)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను కళ్లు చూపించుకుని మూడేళ్లు దాటింది. ఈ వారమే వెళ్తాను. మీరు ఊహించినట్టే నోట్సు నాకు కుడివైపు దూరంగా ఉంటోంది. ఇక రెండు సందేహాలు మిగిలాయి. ఎంతసేపటికి ఒకసారి లేవాలి, ఏకాగ్రత పోకుండా ఎలా లేవాలి? ఏయే వ్యాయామాలు చేయాలి? నాకు ఉదయం అరగంట కంటే ఎక్కువ వీలు కాదు.

ఫిజియోథెరపిస్టు

పరిశోధక విద్యార్థిని గారు చెప్పిన కళ్ల విషయం చాలా విలువైనది, దాన్ని ప్రస్తావించడం నేను మరచిపోయాను.

అరగంటకోసారి లేచి ఒకటి, రెండు నిమిషాలు కదిలితే మంచిది. మరీ కష్టమనిపిస్తే నలభై ఐదు నిమిషాలు పెట్టుకోండి గాని గంట దాటనివ్వకండి. అలారం మోగితే చదువు మధ్యలో తెగిపోతుందని చాలామంది అంటారు, అది నిజమే. కనుక గడియారాన్ని కాక పాఠాన్నే కొలతగా పెట్టుకోండి. ఒక అంశం పూర్తయిన వెంటనే పుస్తకం మూసి, లేచి, గదిలో నడుస్తూ అందులోని ముఖ్యాంశాలను పైకి చెప్పుకోండి. చదివినదాన్ని పుస్తకం చూడకుండా గుర్తు చేసుకోవడం బాగా జ్ఞాపకం ఉండడానికి తోడ్పడుతుంది. అంటే ఆ రెండు నిమిషాలు చదువులో భాగమే, వృథా కాదు. వీడియో పాఠాల్లో కొన్నిటిని నిలబడి వినండి. అలా లేచినప్పుడల్లా కిటికీలోంచి 20 అడుగుల కంటే దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూస్తే కళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది.

లేచినప్పుడు చేయవలసినవి మూడే. మొదటిది, గడ్డాన్ని పైకి గాని కిందకు గాని వంచకుండా తలను తిన్నగా వెనక్కి జరిపి ఐదు సెకన్లు ఉంచాలి. గడ్డం కింద చర్మం మడత పడితే మీరు సరిగ్గా చేస్తున్నట్టే. ఇలా ఎనిమిది, పది సార్లు. రెండోది, భుజాలు పైకి లేవకుండా వీపు మీది రెక్క ఎముకలు రెండింటినీ ఒకదానికొకటి దగ్గరకు తెచ్చి వదలాలి. మూడోది, రెండు అరచేతులూ నడుము మీద ఆనించి, మోకాళ్లు వంచకుండా, హాయిగా వంగగలిగినంత వరకే వెనక్కి వంగాలి. ఐదారు సార్లు చాలు. మెడను గిరగిరా తిప్పడం, చేత్తో పట్టుకుని టకటకా విరవడం చేయకండి.

ఉదయపు అరగంటలో పదిహేను నిమిషాలు వేగంగా నడవండి. మిగిలిన సమయంలో, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులను పైకెత్తే వ్యాయామం చేయండి. ద్వారం చట్రానికి ముంజేతులు ఆనించి ఛాతీ ముందుకు జరిపి అరనిమిషం సాగదీయండి. ఒక మోకాలు నేల మీద పెట్టి తుంటి ముందుభాగాన్ని సాగదీయండి, రెండు వైపులా. గంటల తరబడి కూర్చునేవారికి ఛాతీ, తుంటి ముందు కండరాలు కురచబారినట్టు బిగుసుకుంటాయి, వాటిని సాగదీస్తే నిటారుగా ఉండడం తేలికవుతుంది. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు రోజూ అరగంట చేస్తే అందులో ఎక్కువ భాగం నెరవేరినట్టే. బోర్లా పడుకునే అలవాటుంటే మానుకోండి, ఆ భంగిమలో మెడ గంటల తరబడి ఒక పక్కకే తిరిగి ఉంటుంది.

మూడో సమాధానం
రాసినవారు: ఒకప్పటి అభ్యర్థి

చర్చ చదివి ఒక్క విషయం చెప్పడానికి రాస్తున్నాను. నేను ఇలాంటి పరీక్షకే చదువుతున్న రోజుల్లో నడుమునొప్పి ఎడమ పిరుదు మీదుగా పిక్క దాకా పాకింది. పరీక్ష అయ్యాక చూద్దాంలే అని నొప్పి మాత్రలతో రెండు నెలలు గడిపాను. ఒకరోజు మెట్లు దిగుతుంటే ఎడమ పాదం నేల మీద చప్పుడు చేస్తూ పడింది, బొటనవేలును పైకి ఎత్తలేకపోయాను. అప్పుడు గాని ఆస్పత్రికి వెళ్లలేదు. నరం మీద ఒత్తిడి పడిందని చెప్పారు. కోలుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది, ఆ సంవత్సరం పరీక్షే రాయలేకపోయాను.

చదువరి గారికి ఇప్పుడు ఆ లక్షణాలు లేవు, సంతోషం. కాని ఈ పేజీ చదివే మిగతావారి కోసం చెబుతున్నాను. చేతిలోకి గాని కాలిలోకి గాని నొప్పి పాకడం, తిమ్మిరి, పట్టు తప్పడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, నొప్పితో పాటు జ్వరం లేదా కారణం తెలియకుండా బరువు తగ్గడం ఉంటే వాయిదా వేయకుండా డాక్టరును కలవండి. మలమూత్రాల మీద అదుపు తప్పినా, మూత్రం రావడం కష్టమైనా, తొడల మధ్య భాగం మొద్దుబారినా అది అత్యవసర పరిస్థితి. అదే రోజు, వీలైతే ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లాలి.

చదువరి (మూడు వారాల తరువాత)

మీరందరూ శ్రమ తీసుకుని రాశారు, ఏమైందో చెప్పడం నా బాధ్యత. కంటి అద్దాలు మారాయి. పుస్తకం ఏటవాలుగా, నోట్సు ఎదురుగా పెట్టుకున్నాను. రాత్రి ప్రశ్నపత్రాలు కూడా టేబుల్ దగ్గరే చేస్తున్నాను. కుర్చీలోంచి లేచినప్పుడు వంగి నడవవలసిన అవసరం రెండో వారానికే పోయింది. మెడ బరువు సగానికి పైగా తగ్గింది. కుడి భుజం మాత్రం ఎక్కువసేపు రాసిన రోజున ఇంకా లాగుతోంది. నడుస్తూ పాఠం చెప్పుకోవడం మొదట వింతగా ఉండేది, ఇప్పుడు ఆ అంశాలే బాగా గుర్తుంటున్నాయి.

చివరగా ఒక్క ప్రశ్న. పరీక్ష హాలులో మూడు గంటలు లేవడానికి వీలుండదు కదా, అప్పుడేం చేయాలి?

ఫిజియోథెరపిస్టు

చాలా సంతోషం. భుజం గురించి: పెన్నును ఎంత బిగించి పట్టుకుంటున్నారో ఒకసారి గమనించండి, వేళ్లు తెల్లబడుతుంటే ఆ బిగువు భుజం దాకా వెళుతుంది. ముంజేయి మొత్తం టేబుల్ మీద ఆని ఉండేలా కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకోండి.

పరీక్ష హాలులో లేవకపోయినా కదలవచ్చు. ఒక్కో ప్రశ్నకు సమాధానం పూర్తికాగానే పెన్ను కింద పెట్టి, పిరుదులను కుర్చీ వెనక్కి జరుపుకుని, వీపు ఆనించి, భుజాలను చెవుల దాకా లేపి ఒక్కసారిగా వదలండి. తలను వెనక్కి జరిపే వ్యాయామం రెండుసార్లు చేయండి. పాదాల స్థానం మార్చండి. మొత్తం పది సెకన్లు కూడా పట్టదు. ఇప్పటి నుంచి ఇంట్లో రాసే నమూనా పరీక్షలన్నిటిలోనూ ఇలాగే చేయండి, ఆ రోజుకు గుర్తు పెట్టుకోవలసిన పని లేకుండా చేతులు వాటంతట అవే పెన్ను దించుతాయి.